తెరకెక్కని స్క్రిప్టులు చదివితే రాయడం వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పేరున్న సినిమాల స్క్రిప్టులు ముప్పై దాకా చదివారు. చదువుతున్నంతసేపూ అంతా తెలిసిపోతున్నట్టే ఉంది, తీరా మీ సీన్ రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. సినిమాగా రాని స్క్రిప్టులు చదవమని ఎవరో సలహా ఇచ్చారు. బాగుంటే ఎవరో ఒకరు తీసేవాళ్ళు కదా, తీయనివాటిలో నేర్చుకోవడానికి ఏముంటుందని మీ అనుమానం.

చదవండి. తప్పకుండా చదవండి. నాకు సీన్ రాయడం వచ్చిందంటే ఎక్కువగా వాటి వల్లే. అవన్నీ గొప్పవని నా ఉద్దేశం కాదు, చాలావరకు సాదాసీదావే. కానీ వాటిని చదివేటప్పుడు మీకు కాగితం తప్ప ఇంకే సాయమూ ఉండదు, లాభమంతా అందులోనే ఉంది. ఊరికే చదివి పక్కన పెడితే మాత్రం ఇవి కూడా ఆ ముప్పైలాగే పోతాయి. చదివాక చేయాల్సిన పని ఉంది, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ఈ సలహా ఇవ్వడానికి నేనెవరినంటే, ఒక నిర్మాణ సంస్థలో ఆరేళ్ళు స్క్రిప్ట్ రీడర్‌గా చేశాను. వచ్చిన ప్రతి స్క్రిప్టునీ చదివి, కథ ఒక పేజీలో, అభిప్రాయం అర పేజీలో రాసి పైకి పంపడం ఉద్యోగం. దాన్నే కవరేజ్ అంటారు. ఆ తర్వాత రాయడంలోకి వచ్చాను. నా స్క్రిప్టుల్లో తెరకెక్కినవాటికంటే అల్మారాకెక్కినవే ఎక్కువ, కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ తెలుసు.

సినిమా చూశాక దాని స్క్రిప్టు చదివితే, చదివేది సినిమానే.

మీ ముప్పై స్క్రిప్టుల చిక్కు ఇక్కడే ఉంది. "అతను తలుపు దగ్గర ఆగుతాడు" అన్న ఒక్క లైను చదవగానే మీకు ఆ నటుడి మొహం, ఆ వెలుతురు, వెనకాల వచ్చే సంగీతం, ఎడిటర్ అక్కడ ఇచ్చిన రెండు క్షణాల విరామం అన్నీ కళ్ళముందుకు వస్తాయి. వాటిలో ఏదీ ఆ లైనులో లేదు. నూట యాభై మంది చేసిన పనిని మీరు రచయిత ఖాతాలో వేసేశారు. అందుకే చదువుతున్నప్పుడు అంత తేలిగ్గా అనిపిస్తుంది. తర్వాత మీరూ "అతను తలుపు దగ్గర ఆగుతాడు" అని రాస్తారు. అది చచ్చినట్టు పడి ఉంటుంది.

ఇంకో సంగతి. పేరున్న సినిమాల పేరుతో దొరికేవాటిలో చాలావరకు రచయిత మొదట అమ్మిన స్క్రిప్టు కావు. కొన్ని షూటింగ్ స్క్రిప్టులు. అప్పటికే సీన్ నంబర్లు పడి, దర్శకుడి సూచనలు చేరి, తీసేసిన సీన్ల దగ్గర ఖాళీ నంబర్లు మిగిలిపోయి ఉంటాయి. కొన్నయితే విడుదలయ్యాక సినిమా చూస్తూ ఎవరో డైలాగులు దింపుకున్నవి. వాటిని చదివి స్క్రిప్టంటే ఇలా ఉంటుందని అనుకోవడం, కట్టిన ఇంటిని చూసి ప్లాన్ గీయడం నేర్చుకోవాలనుకోవడం లాంటిదే.

తీయని స్క్రిప్టులో ఈ సౌకర్యాలేవీ లేవు. మనిషి బతికి కనబడ్డాడంటే ఆ పేజీయే బతికించింది. మీకు విసుగొచ్చిందంటే ఆ పేజీయే తెప్పించింది.

బాగుంటే ఎందుకు తీయలేదు అంటే…

డబ్బు, హక్కులు, డేట్లు, సంస్థలో మనిషి మారడం, అలాంటి సినిమానే ఇంకొకరు ముందు తీసి నష్టపోవడం. స్క్రిప్టు ఆగిపోవడానికి ఇలాంటి కారణాలు ఎన్నో ఉంటాయి, రాతతో వీటికి సంబంధం లేదు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 'నెపోలియన్' స్క్రిప్టు 1969 నాటిది. ఏళ్ళ తరబడి పరిశోధన చేసి రాసుకున్నాడు, ఖర్చుకు భయపడి స్టూడియో వెనక్కి తగ్గింది. సత్యజిత్ రాయ్ 1967లో 'ది ఏలియన్' అని ఇంగ్లీషులో స్క్రిప్టు రాశారు, హాలీవుడ్‌లోని కొలంబియా సంస్థ ముందుకొచ్చింది కూడా, వ్యవహారం మధ్యలోనే చెడింది. డేవిడ్ వెబ్ పీపుల్స్ అనే రచయిత 1976లో రాసిన ఒక వెస్టర్న్ (కౌబాయ్ కథ) అయితే పదహారేళ్ళు కాగితం మీదే ఉండి, 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో 'అన్‌ఫర్‌గివెన్' అయింది, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా తెచ్చుకుంది. ఆ మధ్యకాలంలో ఎవరైనా ఆ స్క్రిప్టు చదివి ఉంటే, "బాగుంటే తీసేవాళ్ళు కదా" అనే అనుకుని ఉండేవారు.

2005లో ఫ్రాంక్లిన్ లియనార్డ్ అనే ఆయన తెలిసిన సినిమా ఎగ్జిక్యూటివ్‌లను, ఈ ఏడాది చదివిన తీయని స్క్రిప్టుల్లో నచ్చినవేమిటో చెప్పమని అడిగి 'బ్లాక్ లిస్ట్' మొదలుపెట్టాడు. 2009 జాబితాలోని 'ది కింగ్స్ స్పీచ్', 2013 జాబితాలోని 'స్పాట్‌లైట్' తర్వాత ఆస్కార్లు తెచ్చుకున్నాయి. అయితే అది ఎక్కువమందికి నచ్చినవాటి జాబితా మాత్రమే, ఉత్తమమైనవాటి జాబితా అని వాళ్ళు కూడా చెప్పుకోరు. ఈ తేడా మీరు గుర్తుంచుకోవాలి. రోజుకు రెండేసి స్క్రిప్టులు చదివి అలిసిపోయిన రీడర్‌ని నవ్వించడానికి, ఉలిక్కిపడేలా చేయడానికి రాసిన స్క్రిప్టులు అలాంటి చోట్ల బాగా రాణిస్తాయి. వర్ణనలోనే రచయిత పాఠకుడితో జోకులేస్తుంటాడు. చదవడానికి సరదాగా ఉంటుంది. కానీ ఆ జోకు కెమెరాకు కనబడదు. కొత్తవాళ్ళు మొదట అనుకరించేది దాన్నే! నేనూ అనుకరించాను, ఒక ఏడాది పోయింది.

సరే, నిజం కూడా చెప్పాలి. తీయని స్క్రిప్టుల్లో ఎక్కువ శాతం బాగాలేకే తీయలేదు. నా దగ్గరికొచ్చినవాటిలో పైకి గట్టిగా సిఫార్సు చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ నాకు ఎక్కువ నేర్పినవి ఆ బాగాలేనివే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే వారంలో నాలుగు స్క్రిప్టులు చదివాను. నాలుగూ వేరేవేరే మనుషులు రాసినవి, వేరేవేరే కథలు. నాలుగింటిలోనూ డైలాగులు ఏదో ఇంటర్వ్యూ చదువుతున్నట్టు ఉన్నాయి. ఎందుకో మొదట పట్టుకోలేకపోయాను. మూడోసారి చూస్తే తెలిసింది: అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు వస్తోంది. "ఎక్కడికెళ్ళావు?" "స్టేషన్‌కి." "ఎవర్ని కలిశావు?" "అన్నయ్యని." "ఏమన్నాడు?" అంటే, ఏమన్నాడో చెబుతాడు. మనుషులు అలా మాట్లాడుకోరు. "ఎక్కడికెళ్ళావు" అంటే "అన్నం తిన్నావా" అంటారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి నా స్క్రిప్టు తీశాను. నేను గొప్పగా చెప్పుకునే సీనులో పదకొండు ప్రశ్నలు, పదకొండు జవాబులు. మంచి స్క్రిప్టు ఎన్నిసార్లు చదివినా ఈ జబ్బు నాకు కనబడేది కాదు. మంచిదాంట్లో ఆ జబ్బు ఉండదు కాబట్టి చూడ్డానికేమీ ఉండదు.

ఇక ఎలా చదవాలి.

స్క్రిప్టు గురించి ఒక్క ముక్క కూడా ముందుగా తెలుసుకోకండి. మధ్యలో లేవకుండా ఒకే విడతలో చదవండి, సినిమా చూసినట్టు. మామూలు ఇంగ్లీషు ఫార్మాట్‌లో పేజీకి తెరమీద సుమారు ఒక నిమిషం లెక్క కాబట్టి 110 పేజీలంటే రెండు గంటల లోపే. చేతిలో పెన్సిల్ ఉంచుకోండి, కానీ వ్యాఖ్యలు రాయొద్దు. మీ దృష్టి మళ్ళిన చోట, ఫోన్ వైపు చెయ్యి వెళ్ళిన చోట, అంచున చిన్న గీత పెట్టండి, అంతే. ఎందుకు మళ్ళిందో అప్పుడే ఆలోచించొద్దు. ఆలోచించడం మొదలుపెడితే ప్రేక్షకుడు పోయి విమర్శకుడు వచ్చి కూర్చుంటాడు, అతనికి విసుగు రాదు.

మర్నాడు స్క్రిప్టు తెరవకుండా, గుర్తున్న సీన్లు వరసగా రాయండి. గుర్తులేనివి వదిలేయండి. ఒకసారి 118 పేజీల స్క్రిప్టు చదివి మర్నాడు రాస్తే నాకు మిగిలినవి తొమ్మిది సీన్లు. ఆ తొమ్మిదింటిలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి దాస్తున్నారు. మిగతా సీన్లలో అందరూ ఉన్నది ఉన్నట్టు చెప్పేసుకుంటున్నారు. అది స్క్రిప్టు గురించి తెలిసిన సంగతే కాదు, నా గురించి కూడా: నాకు దాచడం అంటే ఆసక్తి. మీకు మిగిలేవి వేరే రకం సీన్లు కావచ్చు. అవి మీరు రాయగలిగే కథల దిక్కు చూపిస్తాయి.

తర్వాత కథంతా ఒకే పేజీలో, వర్తమానంలో రాయండి. తెలుగులోనే రాయండి, స్క్రిప్టు ఏ భాషలో ఉన్నా. ఇది ఎందుకు తెలుగులోనే అంటున్నానో చెబుతాను, ఈ జవాబు మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

హీరో పేరు వెనక 'కి' వెతకండి.

ఆ పేజీలో ముఖ్యపాత్ర పేరున్న ప్రతి వాక్యం కిందా గీత గీయండి. "రవికి ఉత్తరం దొరుకుతుంది. రవికి అనుమానం వస్తుంది. రవికి నిజం తెలుస్తుంది. రవికి కోపం వస్తుంది." మన భాషలో ఈ వాక్యాలు ఎంత హాయిగా సాగుతాయో చూడండి, చెవికి లోటేమీ తెలియదు. కానీ నాలుగు వాక్యాల్లో రవి చేసిన పని ఒక్కటీ లేదు. అన్నీ వాటంతటవే వచ్చి అతని మీద పడ్డాయి. ఇప్పుడిది చూడండి: "రవి ఉత్తరం దొంగిలిస్తాడు. చదవకుండా దాస్తాడు. చెల్లెలు అడిగితే అబద్ధం చెబుతాడు." 'కి' పోయేసరికి మనిషి కుర్చీలోంచి లేచాడు.

నేను కవరేజ్ రాసిన ఒక స్క్రిప్టులో ఏదో లోపం ఉందని తెలుస్తోంది, ఏమిటో పేరు పెట్టలేకపోతున్నాను. సంభాషణలు బాగున్నాయి, ముగింపు బాగుంది. నా పేజీ నేనే మళ్ళీ చదువుకుంటే హీరో మీద పంతొమ్మిది వాక్యాలు, వాటిలో పదమూడింటికి 'కి' ఉంది. అలా మొదలైంది ఈ అలవాటు. ఇప్పుడు నా సొంత సీన్ ఆర్డర్ (సీన్ల వరస జాబితా) మీద కూడా ఇదే లెక్క వేస్తాను.

దీన్ని కొరడాలా వాడొద్దు. కథ మొదట్లో మనిషికి ఏదో ఒకటి జరగాలి, అక్కడ 'కి' సహజం. ఏమీ చేయలేని మనిషి గురించే రాసిన మంచి కథలూ ఉన్నాయి. కథ సగం దాటాక కూడా 'కి'లు తగ్గకపోతే, అప్పుడు టెన్షన్ పడండి.

ఇంకో అభ్యాసం, ఇది కాస్త కష్టం. స్క్రిప్టు ముప్పయ్యో పేజీ దగ్గర ఆపేయండి. తర్వాతి సీన్ మీరు రాయండి, పూర్తిగా, డైలాగులతో సహా. ఆ తర్వాతే పేజీ తిప్పండి. సినిమా చూసిన స్క్రిప్టుతో ఈ పని చేయలేరు, తర్వాత ఏమవుతుందో తెలుసు కాబట్టి. నేను పది పన్నెండు స్క్రిప్టులకు ఇలా చేశాను. సగానికి పైగా సార్లు రచయిత సీన్ నాదానికంటే ఆలస్యంగా మొదలయ్యేది. నా మనిషి ఇంకా మెట్లెక్కుతుండగానే వాళ్ళ మనిషి లోపల గొడవ మధ్యలో ఉండేవాడు. రెండు మూడుసార్లు మాత్రం నా సీనే మెరుగ్గా ఉంది. ఆ రెండు మూడుసార్లు దొరికిన ధైర్యం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పదేసి పేజీలు తిరిగి టైప్ చేయమని, చేత్తో రాసుకోమని కొందరు చెబుతారు. చేసి చూశాను. వేళ్ళకి లయ తెలుస్తుంది, అంతకుమించి నాకేమీ రాలేదు.

ఒకే స్క్రిప్టు వేర్వేరు డ్రాఫ్టులు దొరికితే వదలకండి. పది స్క్రిప్టుల పెట్టు. నా ఉద్యోగంలో ఒక స్క్రిప్టు మొదటి, నాలుగో, ఏడో డ్రాఫ్టులు చదివే అవకాశం వచ్చింది. మొదటిదాంట్లో కొడుకు తల్లితో మాట్లాడడు. ఎందుకో ఎక్కడా చెప్పరు, కానీ ఆమె వడ్డిస్తే తినకుండా ప్లేటు తనే తెచ్చుకుంటాడు. కారణం స్పష్టంగా లేదని రచయితకు నోట్స్, అంటే సంస్థ అభిప్రాయాలు, వెళ్ళాయి. ఆ నోట్స్ రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాలుగో డ్రాఫ్టులో ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. ఏడోదాంట్లో ప్రతి రెండో సీన్‌లోనూ ఎవరో ఒకరు ఆ కారణాన్ని గుర్తుచేస్తున్నారు, ప్లేటు తెచ్చుకోవడం ఎగిరిపోయింది. సినిమా రాలేదు. ఆ ప్లేటు ఇప్పటికీ గుర్తుంది. నోట్ తప్పు కాదు, మాకు నిజంగానే కారణం తెలియలేదు. కాకపోతే దానికి జవాబుగా ఆ ప్లేటులాంటి ఇంకో పని కావాలి, రచయిత ఉపన్యాసం ఇచ్చాడు. నోట్ అంటే నొప్పి ఎక్కడుందో చెప్పడం వరకే అని, మందు రచయితే వెతుక్కోవాలని నాకు అప్పుడు తెలిసింది.

ఎక్కడ దొరుకుతాయంటే, అచ్చయినవాటితో మొదలుపెట్టండి. పైన చెప్పిన కుబ్రిక్, రాయ్ స్క్రిప్టులు రెండూ పుస్తకాలుగా వచ్చాయి. నాకు వాటికంటే ఇష్టమైనది బ్రిటిష్ నాటకకర్త హెరాల్డ్ పింటర్ 1972లో, దర్శకుడు జోసెఫ్ లోసీ కోసం, ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ మహానవలను కుదించి రాసిన స్క్రిప్టు. సినిమాకు డబ్బు కుదరలేదు, పుస్తకంగా మిగిలింది. తెర మొత్తం పసుపు రంగుతో, తోట గేటు గంట చప్పుడుతో మొదలవుతుంది. కొన్ని పేజీలదాకా దాదాపు మాటే లేదు. ఆ పసుపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన చిత్రంలో ఒక గోడ ముక్క అని తర్వాత గాని తెలియదు. వేల పేజీల నవలను పట్టుకోవడానికి ఆయన ఎంచుకున్నది ఒక రంగు, ఒక శబ్దం! మాటల మీద అంత పట్టున్న నాటకకర్త మాటలు పక్కన పెట్టి మొదలుపెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ అసూయగా ఉంటుంది.

కుబ్రిక్‌ది చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఆయన తనకోసం తను రాసుకున్నాడు. కథకుడి గొంతు చాలా బరువు మోస్తుంది, కొన్ని చోట్ల చరిత్ర పాఠంలా ఉంటుంది. తీసేది కూడా తనే కాబట్టి ఆయనకు చెల్లింది. మీ స్క్రిప్టు చదివేవాడికి మీ మనసులో ఏముందో తెలియదు.

రెండోది, ఇదే ముఖ్యం: మీలాగే రాస్తున్న నలుగురిని పట్టుకుని స్క్రిప్టులు మార్చుకోండి. మీకు దొరికే తీయని స్క్రిప్టుల్లో అన్నిటికంటే విలువైనవి అవే, ఎందుకంటే రాసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి "ఇక్కడ ఏమనుకుని రాశావు" అని అడగొచ్చు. పరిచయం లేని పేరున్న రచయితలకు స్క్రిప్టు పంపమని రాయకండి. తెలియనివాళ్ళ స్క్రిప్టులు తెరవకూడదని చాలా సంస్థలకు నియమం ఉంటుంది, రేపు పోలిక వచ్చి కేసవుతుందన్న భయంతో. ఆ భయం మీకూ ఉండాలి. తీయలేదు కదా అని అది ఎవరిదీ కాకుండా పోదు, రాసినవాడిదే. చదివి నేర్చుకోండి. ఎత్తుకోవద్దు, రచయిత అనుమతి లేకుండా ఇంకొకరికి పంపొద్దు.

తీసిన సినిమాల స్క్రిప్టులు పూర్తిగా మానేయమని మాత్రం అనను. కాగితం మీద ఉన్నది తెరమీదకి ఎలా మారుతుందో వాటిలోనే తెలుస్తుంది. క్రమం మార్చండి, చాలు. మీరు చూడని సినిమా ఎంచుకుని ముందు స్క్రిప్టు చదవండి. మీ వరకు అది ఇంకా తీయని సినిమానే. పైన చెప్పిన గీతలూ, ఒక పేజీ కథా, 'కి' లెక్కా అన్నీ అయ్యాక సినిమా చూడండి. మీరు గీత పెట్టిన చోట ఎడిటర్ కత్తెర పడిందేమో చూసుకోండి. అలా పడినప్పుడు కలిగే సంతోషం వేరు.

వారానికి ఒకటి చాలు. రెండు వారాలు తీయనివి, మూడో వారం ఇలా సినిమా కంటే ముందుగా చదివేది. రోజుకొకటి చదివితే నా ఉద్యోగంలో నాకు పట్టిన జబ్బే మీకూ పడుతుంది: ఇరవయ్యో పేజీకల్లా తీర్పు చెప్పేయడం. ఆ జబ్బుతోనే ఒక మంచి స్క్రిప్టుని నేను తిప్పి పంపాను. ముప్పైరెండో పేజీలో మొదలయ్యే కథ అది. ఆ సంగతి నాకు ఏడాది తర్వాత, ఇంకెవరో చెబితే తెలిసింది.

మీరు చదివిన ముప్పై వృథానా అని కూడా అడిగారు. వాటిలో సినిమా బాగా మరిచిపోయినవి రెండు మూడు ఉంటాయి కదా, ముందు వాటినే తీయండి. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.